సాక్ష్యానికి రాని పరిచర్య



మన సంఘాలలో సాక్ష్యాలకు కొదువ లేదు. ఆదివారపు ఆరాధనలోనైనా, ఉపవాస ప్రార్థనలోనైనా, ఇంటి కూడికలోనైనా ఎవరో ఒకరు లేచి తాము పొందిన మేలును చెప్పుకుంటారు. పాము కాటు నుండి బ్రతికిన బిడ్డ, పెద్ద ఆపరేషను నుండి క్షేమంగా లేచిన తండ్రి, ఏండ్ల తరబడి ఎదురుచూచి తల్లి అయిన కోడలు. వినేవారు దేవునికి స్తోత్రము చెల్లిస్తారు. ఇది మంచి అలవాటే. శుద్ధులైన పదిమంది కుష్ఠరోగులలో తిరిగి వచ్చి కృతజ్ఞత తెలిపినవాడు ఒక్కడే గదా, తక్కిన తొమ్మిదిమంది ఎక్కడ అని ప్రభువు అడిగిన సంగతి లూకా 17వ అధ్యాయములో మనము చదువుతాము.

అయితే స్వస్థత రాని ఇండ్లు కూడా మన సంఘాలలో ఉన్నాయి. ఆ ఇంట్లోనూ ప్రార్థన జరిగింది. ఉపవాసాలు ఉన్నారు. అయ్యగారు వచ్చి నూనె రాసి వెళ్లారు. అయినా మంచము ఖాళీ అయింది. ఆ ఇంటివారు సాక్ష్యానికి లేవరు. ఏమని లేవాలి? లేచి ఏమి చెప్పాలి?

అటువంటి ఇంటి నుండి, కడప జిల్లా కమలాపురము నుండి, ఇద్దరు అన్నదమ్ములము, ఇద్దరు అక్కచెల్లెండ్లము కలిసి ఈ మాటలు రాస్తున్నాము. మా అమ్మకు బాగు కాలేదు. 2019వ సంవత్సరములో, ఎండలు ముదరక ముందే, ఆమె ప్రభువు సన్నిధికి వెళ్లిపోయింది. అయినా మా దగ్గర ఒక సాక్ష్యమున్నది. అది ఒక నర్సమ్మను గూర్చినది. తన పేరు రాయవద్దని ఆమె గట్టిగా చెప్పినందున, మా ఇంట్లో పిలిచినట్లు సిస్టరమ్మ అనే రాస్తున్నాము.

మా అమ్మ కూలి చేసి మమ్మల్ని పెంచిన మనిషి. మా ప్రాంతము నల్లరేగడి. కార్తీకములో శనగ విత్తనము మొదలుకొని నూర్పిడి వరకు ఆమె చెయ్యి పడని చేను మా చుట్టుపక్కల లేదు. పాపాఘ్ని నది మా ఊరి దగ్గర పెన్నలో కలుస్తుంది గాని, ఏడాదిలో ఎక్కువ నెలలు అది ఇసుకే. ఆ ఇసుకలో చెలిమలు తోడి నీళ్లు మోసిన కాలము కూడా అమ్మ చూచింది. అటువంటి మనిషికి రొమ్ములో గడ్డ లేచింది. ఆడదాని ఒంటి సంగతి ఎవరికి చెప్పుకోవాలనే సిగ్గుతో చాలా కాలము పైట కిందనే దాచుకున్నది. బయటపడేటప్పటికి గడ్డ చితికి పుండు అయింది. కేన్సరు అన్నారు. కడపకు, ఆపైన దూరపు ఆసుపత్రికి తిరిగాము. మందులు ఎక్కించారు, కరెంటు పెట్టారు. రోగము ఎముకలకు పాకింది. చివరకు ఒక ఆసుపత్రిలో, ఇక చేయగలిగినది ఏమీ లేదు, ఇంటికి తీసుకొని పోయి మంచిగా చూసుకోండి అన్నారు.

మంచిగా చూసుకోవడము అంటే ఏమిటో అక్కడ ఎవరూ చెప్పలేదు.

నడుము ఎముకలో నొప్పి లేచినప్పుడు అమ్మ దిండు కొరికేది. రాత్రి రెండు గంటలకు ఆమె మూలుగు వీధి చివరిదాకా వినిపించేది. దానికి మించినది పుండు వాసన. ఊదుబత్తీలు వెలిగించాము, ఫినాయిలు చల్లాము. వాసన పోలేదు. పలకరించ వచ్చినవారు గడప దగ్గరనే నిలబడి, ప్రార్థన చేస్తాములే అమ్మా అని వెళ్లిపోయేవారు. అమ్మ గుడికి రావడము తానే మానుకున్నది. నా వల్ల నలుగురికి ఇబ్బంది ఎందుకు అన్నది. నలభై ఏండ్లుగా ప్రభు రాత్రి భోజన సంస్కారమునకు తప్పని మనిషి!

ఆ దినాలలో మా సంఘపు అమ్మగారు సిస్టరమ్మను మా ఇంటికి తీసుకొని వచ్చారు. ఆమె మా తట్టు పల్లెలోనే పుట్టి, నర్సు చదువు చదివి, పెద్ద ఆసుపత్రులలో కేన్సరు వార్డులలో చాలా ఏండ్లు పనిచేసి, రిటైరై సొంత ఊరు చేరుకున్న మనిషి. మధ్యలో కేరళకు వెళ్లి, నయము కాని జబ్బులవారి బాధ తగ్గించే పనిలో శిక్షణ కూడా పొందింది. ఈ సేవను ఉపశమన సేవ అంటారు. ఇంగ్లీషులో పాలియేటివ్ కేర్ అనే పేరును మీరు విని ఉండవచ్చును.

ఆమె లోపలికి వచ్చి ముక్కుకు చెంగు అడ్డము పెట్టుకోలేదు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మంచపు పట్టె మీద అమ్మ పక్కనే కూర్చుని చేయి పట్టుకున్నది. జబ్బు పేరు అమ్మకు చెప్పవద్దని మా బంధువులలో పెద్దలు కట్టడి చేసి ఉన్నారు. సిస్టరమ్మ ఆ పేరు ఎత్తలేదు, అబద్ధమూ చెప్పలేదు. ఒక ప్రశ్న మాత్రము అడిగింది.

"అక్కా, నీ జబ్బు సంగతి నీకు ఏమని తెలుసు?"

"ఎవురూ ఏం చెప్పలేదు సిస్టరమ్మా. చెప్పకుంటే తెలీదా? నా ఒళ్లు నాకు తెలీదా?" అన్నది అమ్మ.

"మరి నీకు ఎక్కువ బాధ దేనికి?"

"సావుకు భయం లేదు. ఈ వాసనకే సిగ్గయితాది. నా మనవడు కూడా దగ్గరికి రాడు."

నొప్పిని గూర్చి చెబుతుందని మేము అనుకున్నాము. అమ్మ వాసనను గూర్చి చెప్పింది. అడిగితేనే గాని అది బయటికి రాలేదు.

సిస్టరమ్మ ఆ దినమే పని మొదలుపెట్టింది. కాచి చల్లార్చిన ఉప్పు నీళ్లతో పుండు కడిగింది. అంటుకున్న గుడ్డను లాగకుండా, నీళ్లతో నానబెట్టి మెల్లగా తీసింది. డాక్టరుగారితో మాట్లాడి మెట్రోనిడజోలు మాత్రలు తెప్పించి, మెత్తగా పొడి చేసి పుండు మీద చల్లి, శుభ్రమైన నూలు గుడ్డ కప్పింది. కడుపులో సూక్ష్మక్రిములకు వాడే మాత్ర ఇది. పుండులో దుర్వాసన పుట్టించే క్రిములను కూడా ఇది చంపుతుందట. ఖరీదు కూడా తక్కువే. పాత నూలు చీరలను చింపి, ఉడకబెట్టి, ఎండలో ఆరబెట్టి దాచుకోవడము మా చెల్లెలికి నేర్పింది. వారము తిరగక ముందే వాసన చాలా మట్టుకు తగ్గింది. పక్కింటి ముస్లిము పొరుగామె లోపలికి వచ్చి అమ్మ తల దువ్వింది. మనవడు వచ్చి అవ్వ పక్కన పండుకున్నాడు. పుండు మానలేదు. అయినా అమ్మ మళ్లీ మనుషులలో కలిసింది.

తరువాత నొప్పి సంగతి. కేన్సరు ఆసుపత్రి డాక్టరుగారు మార్ఫిను మాత్రలు రాసి ఇచ్చారు. ఆ పేరు వినగానే మా ఇంట్లో గలాటా పుట్టింది. అది నల్లమందు జాతిది, అలవాటు పడుతుంది, ప్రాణము తొందరగా తీస్తుంది అన్నారు చుట్టాలు. సిస్టరమ్మ విసుగుకోలేదు. అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. తీవ్రమైన నొప్పి ఉన్నవారికి డాక్టరు చెప్పిన కొలత ప్రకారము ఇస్తే అది నొప్పిని చంపుతుంది గాని మనిషిని చంపదు. మత్తు కోసము వాడేవాడి దారి వేరు, నొప్పి కోసము వాడేవారి దారి వేరు. మొదటి రెండు మూడు దినాలు మగతగా ఉండవచ్చు, తరువాత తగ్గుతుంది. మలబద్ధకము తప్పక వస్తుంది కనుక దానికి మందు మొదటి దినము నుండే ఇవ్వాలి. అన్నిటికంటె ముఖ్యము, నొప్పి లేచిన తరువాత ఇవ్వడము కాదు, గడియారము చూచి నాలుగు గంటలకు ఒకసారి, నొప్పి లేవక ముందే ఇవ్వాలి. మా పెద్దన్న గోడ మీద బొగ్గుతో గంటలు రాసి పెట్టుకున్నాడు.

మూడవ రాత్రి అమ్మ తెల్లవార్లూ నిద్రపోయింది. ఉదయము సిస్టరమ్మ వస్తే, "నిద్ర పట్టినాది సిస్టరమ్మా. కలలో మా అమ్మ కనపడినాది" అని నవ్వింది. ఆమె నవ్వి ఎన్నాళ్లయిందో!

అయినా ఒక మాట మిగిలిపోయింది. సంఘపు పెద్దలలో ఒకాయన మంచి మనసుతోనే ఇట్లన్నాడు: "ప్రభువు సిలువ మీద ఇచ్చిన మత్తు పానీయము పుచ్చుకోలేదు గదా. విశ్వాసి ఓర్చుకోవాలి గదా." ఈ మాట మన పల్లె సంఘాలలో చాలా చోట్ల వినబడుతుంది కనుక, మా అయ్యగారు ఇచ్చిన జవాబు ఇక్కడ రాస్తున్నాము. ప్రభువు బోళము కలిపిన ద్రాక్షారసమును పుచ్చుకోలేదని మార్కు 15వ అధ్యాయములో ఉన్నది, నిజమే. అది ఆయన మన నిమిత్తము త్రాగిన పాత్ర. అయితే తన దగ్గరికి వచ్చిన రోగులలో ఒక్కరితోనైనా, నొప్పి ఓర్చుకొని పొండి అని ఆయన చెప్పలేదు. ఆయన చెప్పిన ఉపమానములో సమరయుడు గాయపడినవానికి ముందు ప్రసంగము చేయలేదు. నూనె, ద్రాక్షారసము పోసి కట్టు కట్టాడు. చావుకు దగ్గరగా ఉన్నవానికి మద్యమియ్యవచ్చునని సామెతలు 31వ అధ్యాయములో రాజైన లెమూయేలుకు తల్లియే నేర్పింది. బాధను మనము కోరి మోయవచ్చు గాని, ఇతరుల మీద మోపకూడదు. అయ్యగారు ఇట్లు చెప్పిన తరువాత ఆ పెద్దాయన లేచి వచ్చి అమ్మ మంచము దగ్గర మోకరించాడు.

నొప్పి తగ్గితేనే మనిషికి తక్కిన సంగతులు గుర్తుకు వస్తాయని మేము కండ్లారా చూచాము. నొప్పిలో ఉన్నంత కాలము అమ్మకు ప్రార్థన కూడా నోట రాలేదు. నెమ్మది కలిగిన తరువాత మూడు కోరికలు చెప్పింది. శనగ విత్తనాల కోసము చేసిన ఒక చిన్న అప్పు తీర్చాలి. గట్టు తగాదాతో పదకొండేండ్లుగా మాటలు లేని తమ్ముని చూడాలి. ప్రభు బల్లలో ఒకసారి పాలు పొందాలి. అప్పు తీర్చాము. తాడిపత్రి నుండి మా మామ వచ్చాడు. ఇద్దరూ ఏమి మాట్లాడుకున్నారో మేము వినలేదు గాని, ఆయన వెళ్లేటప్పుడు అక్క కాళ్లు పట్టుకొని చాలా సేపు లేవలేదు. ఆదివారము ఆరాధన ముగించి అయ్యగారు, స్త్రీల మైత్రి వారు మా ఇంటికి వచ్చారు. గడప దగ్గర ఆగిపోయిన ఆ స్త్రీలే ఆ దినము మంచము చుట్టూ కూర్చున్నారు. రొట్టె మింగలేదని సిస్టరమ్మ చిన్న తునకను రసములో తడిపి అందించింది.

చివరి వారములో సిస్టరమ్మ మాకు మరికొన్ని నేర్పింది. ఆకలి పోయిన మనిషికి బలవంతాన గంజి పోయవద్దు. తినక చనిపోవడము కాదు, శరీరము వెళ్లిపోతున్నందున ఆకలి పోతుంది. పెదవులు ఎండితే తడి గుడ్డతో అద్దితే చాలు. ఆయాసము వస్తే తల ఎత్తుగా పెట్టి ముఖానికి గాలి తగిలేటట్లు విసరాలి. రెండు గంటలకు ఒకసారి పక్క తిప్పితే వీపున పుండ్లు పడవు. గొంతులో గురగుర వస్తే భయపడక ఒక పక్కకు పడుకోబెట్టాలి. వినికిడి చివరిదాకా ఉండవచ్చు కనుక, మంచము దగ్గర ఏడుపులు, ఆస్తి మాటలు వద్దు, మీ మాటలు, పాటలు వినిపించండి. ఇవన్నీ తెలిసినందువల్ల ఆ రాత్రి మేము ఆటో కోసము పరుగెత్తలేదు. అమ్మ తన మిద్దెలో, తన మంచము మీద, తన పిల్లల నడుమ కన్ను మూసింది.

ఈ పనికి లోకములో దారి తీసినది కూడా మొదట ఒక నర్సేనని సిస్టరమ్మ చెప్పగా విన్నాము. ఆమె పేరు సిసిలీ సాండర్స్, ఇంగ్లండు దేశస్థురాలు. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో నర్సుగా శిక్షణ పొందింది. నడుము నొప్పి వల్ల ఆ పని చేయలేక, ఆసుపత్రిలో రోగుల కుటుంబాల మంచిచెడ్డలు చూచే ఉద్యోగములో చేరింది. అక్కడ డేవిడ్ టాస్మా అనే పోలండు దేశపు యూదుడు కేన్సరుతో చనిపోతూ పరిచయమయ్యాడు. అతనికి నా అన్నవారు ఎవరూ దగ్గర లేరు. ఇటువంటివారి కోసము ఒక ఇల్లు ఉండాలని వారిద్దరూ మాట్లాడుకునేవారు. 1948లో అతడు చనిపోతూ, ఆ ఇంటికి తాను ఒక కిటికీగా ఉంటానని చెప్పి 500 పౌండ్లు ఆమెకు విడిచివెళ్లాడు. ఆమె మళ్లీ చదివి 1957లో డాక్టరయింది. మార్ఫినును వేళ తప్పకుండా నోటి ద్వారా ఇస్తే నొప్పి లేవకుండా ఆపవచ్చునని రోగుల దగ్గర ఉండి గమనించి చూపించింది. 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ అనే ఆశ్రయ గృహము తెరిచింది. కిటికీ దొరికిన తరువాత దాని చుట్టూ ఇల్లు కట్టడానికి పందొమ్మిదేండ్లు పట్టిందన్నమాట. ఆమె ప్రార్థనాపరురాలైన క్రైస్తవురాలు. చనిపోతున్నవారి నొప్పి ఒంటిలోనే ఉండదు, మనసులో, కుటుంబములో, ఆత్మలో కూడా ఉంటుంది, నాలుగింటినీ కలిపి చూడాలి అని నేర్పింది. 2005లో తాను కట్టిన ఆ ఇంటిలోనే కన్ను మూసింది.

మన దేశములో 1986లో బొంబాయిలో శాంతి ఆవేదనా సదన్ మొదలైంది. 1993లో కోళికోడు మెడికల్ కాలేజీలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన తోటివారు కలిసి నొప్పి ఉపశమన సంఘమును స్థాపించారు. కేరళలో ఈ పనిని ఊరి ప్రజలే తమది చేసుకున్నారు. బడి పంతుళ్లు, కూలీలు, గృహిణులు నేర్చుకొని నర్సులతో కూడా ఇల్లిల్లు తిరిగారు. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వము ఇందుకోసము ఒక విధానమునే ప్రకటించింది. మన తెలుగువారికి హైదరాబాదులో ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రిలో ఈ సేవ లభించింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టము కఠినముగా ఉండుటచేత మార్ఫిను నిలువ చేయడానికే చాలా ఆసుపత్రులు భయపడ్డాయి. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి దారి కొంత సులువు చేసింది. ఇంత జరిగినా, లోకములో ఏటా సుమారు 5 కోట్ల 68 లక్షల మందికి ఈ సేవ అవసరమైతే, అందుతున్నది నూటికి 14 మందికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తక్కిన 86 మందిలో ఎక్కువమంది ఉండేది మన వంటి పల్లెలు గల దేశాలలోనే.

అందుకే సిస్టరమ్మ వంటివారిని సంఘము గుర్తించాలని మేము అంటున్నాము. గుర్తించకపోతే ఏమి నష్టము అని అడగవచ్చు. నష్టమున్నది, అది ఆమెకు కాదు. మా ఊరిలో కొందరు ఆమెను గూర్చి ఏమనుకునేవారో తెలుసునా? సిస్టరమ్మ ఒక గడప తొక్కిందంటే ఇక ఆ ఇంట్లో కాలము దగ్గరైనట్లే అనేవారు. ఆమె వీధిలో వస్తుంటే తలుపు దగ్గరకు వేసిన ఇండ్లున్నాయి. ఒక ఇంట్లో వాకిలి దగ్గరనే, మాకు ఇంకా విశ్వాసము ఉన్నదమ్మా, నీవు రావద్దు అన్నారట. ఆ తలుపు వెనక మంచము మీద ఉన్న మనిషి నొప్పి తగ్గలేదు. సంఘము ఆమెను గౌరవించని ప్రతి దినము, ఎవరో ఒకరు ఒక మాత్ర దూరములో ఉండి కూడా దిండు కొరుకుతూనే ఉంటారు. ఆమెను పిలవడము విశ్వాసము విడిచిపెట్టడము కాదు. ప్రార్థన చేస్తూనే కట్టు కట్టవచ్చు. మొదటి దినము నుండే పిలిస్తే ఇంకా మేలు.

బైబిలు గ్రంథము ఇటువంటివారిని మరువలేదు. ఆదికాండము 35వ అధ్యాయములో ఒక చిన్న సంగతి ఉన్నది. రిబ్కా దాదియైన దెబోరా చనిపోతే, బేతేలు దిగువన ఒక సింధూర వృక్షము క్రింద ఆమెను పాతిపెట్టారు. ఆ చెట్టుకు అల్లోన్ బాకూత్, అనగా ఏడ్పుల చెట్టు, అని పేరు పెట్టారు. యజమానురాలైన రిబ్కా ఎట్లు చనిపోయిందో, ఎవరు ఏడ్చారో లేఖనము చెప్పదు. ఆమెను ఎక్కడ పాతిపెట్టారో మాత్రమే తరువాత చెబుతుంది. దాది కోసము మాత్రము ఒక కుటుంబమంతా ఏడ్చింది, ఒక చెట్టుకు పేరు నిలిచింది. నిర్గమకాండములో ఫరో పేరు లేదు గాని, బిడ్డలను కాపాడిన మంత్రసానులు షిఫ్రా, పూయా అనేవారి పేర్లున్నాయి. పిల్లలను ఎత్తిన చేతులను, బాధలో పట్టుకున్న చేతులను దేవుడు పేరు పెట్టి గుర్తుంచుకుంటాడు.

మా సంఘ కమిటీవారు కోత పండుగ దినాన సిస్టరమ్మకు శాలువా కప్పి సన్మానము చేయాలని నిర్ణయించారు. ఆమె చేతులు జోడించి వద్దన్నది. "నాకు శాలువా ఎందుకయ్యా? మోకాళ్ల నొప్పులతో ఇంకా ఎన్నేండ్లు తిరుగుతాను? వీధికి ఇద్దరు మనుషులను ఇయ్యండి, నేర్పిస్తాను" అన్నది. కమిటీవారు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత స్త్రీల మైత్రి నుండి ఆరుగురు, యౌవనస్థుల నుండి ముగ్గురు లేచారు. మా చెల్లెలు వారిలో ఒకతె. శాలువాకు పెట్టదలచిన డబ్బుతోపాటు ఆ ఆదివారపు ప్రత్యేక కానుక కలిపి, ఒక గాలి పరుపు, ఒక చక్రాల కుర్చీ, ఒక మలపాత్ర కొన్నారు. గుడి వెనక గదిలో ఒక బీరువాలో ఉడకబెట్టి మడిచిన నూలు గుడ్డలు ఉంటాయి. ఏ మతమువారైనా వచ్చి తీసుకొని పోవచ్చు. అయ్యగారు దీర్ఘకాల రోగుల పేర్లతోపాటు, వారిని చూచుకొనేవారి పేర్లు కూడా ప్రార్థనలో చదువుతున్నారు. తలుపులు మూసే ఇండ్లు పూర్తిగా పోలేదు గాని, తగ్గాయి. అయ్యగారు తానే ముందు నడిచి, ఈమె మన సంఘము పంపిన మనిషి అని చెప్పి తీసుకొని పోతే, తలుపు తెరవనివారు తక్కువ.

ఒకసారి మా పెద్దక్క ఆమెను అడిగింది, "ఇంతమంది పోతుంటే మీకు బాధ కాదా సిస్టరమ్మా?" అని. ఆమె అప్పుడు మా ఇంటి అరుగు మీద కూర్చుని చేతులు తుడుచుకుంటూ ఉన్నది. "బాధ కాకుండా పోయిన దినము ఈ పని మానేయాల" అన్నది. కొంచెము ఆగి, "బాగు చేసేవాళ్లు శానామంది ఉండారు. బాగు కానోళ్ల దగ్గర కూర్చునేదానికే మనుషులు తక్కువ" అన్నది.

ప్రియమైన పాఠకులారా, మే నెల 12వ తేదీ నర్సుల దినము, ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టిన దినము. ఆమె పేరుతో మన ప్రభుత్వము 1973 నుండి జాతీయ పురస్కారములు ఏర్పాటు చేసింది. అందరికీ ఢిల్లీ పిలుపు రాదు. మీ పాస్టరేటులో, మీ పల్లెలో రిటైరైన నర్సమ్మ ఎవరైనా వెనక బెంచీలో కూర్చుంటున్నదేమో చూడండి. ఏ జీతము లేకుండా అత్త పుండు కడుగుతున్న కోడలు, పక్షవాతము వచ్చిన భర్తను పక్కకు తిప్పుతున్న భార్య ఉన్నారేమో చూడండి. ఆరాధనలో ఒకసారి వారి పేరు చెప్పి ప్రార్థించండి. ఒక రాత్రి వారికి బదులుగా మీరు మేలుకొని ఉండండి. పాత నూలు చీర ఒకటి ఉతికి పంపండి. రొమ్ములో గడ్డ కనబడిన ఆడబిడ్డకు, సిగ్గుపడక వెంటనే ఆసుపత్రికి పొమ్మని చెప్పండి.

రోగియైయున్నప్పుడు తనను చూడవచ్చిన వారిని గూర్చి ప్రభువు మత్తయి 25వ అధ్యాయములో మాట్లాడాడు. ఆ మాటలలో స్వస్థపరచిన వారిని గూర్చి ఆయన అడగలేదు, దగ్గరికి వచ్చిన వారిని గూర్చి అడిగాడు. మా అమ్మ దగ్గరికి ఒకామె వచ్చింది. ఆమెను పంపిన దేవునికి మా నలుగురి తరపున, మా పిల్లల తరపున స్తోత్రము కలుగును గాక. ఆమేన్.